కోళ్లకు పెట్టే మొలకలు: వాసన, బూజు, తగ్గిన గుడ్లు. తేడా ఎక్కడ వస్తోంది?

హైదరాబాద్‌లో మేడ మీద నాలుగు నాటుకోళ్లో, రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ లాంటివో పెంచుకునేవాళ్లు బాగానే ఉన్నారు. వాటికి మొలకలు పెట్టడం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే ఏదో ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఏది కనిపిస్తే ఏం చూసుకోవాలో చెప్తాను.

పుల్లటి వాసన, చేతికి జిగురు

ఎక్కువమందికి ముందు వచ్చేది ఇదే, అదీ ఎండాకాలంలో. రాత్రి నానేసి పొద్దున తీయడం మనకు అలవాటు. చలికాలంలో ఫర్వాలేదు. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో రాత్రి కూడా వంటగది చల్లబడదు, పన్నెండు గంటలు నానితే నీళ్లు నురగ కట్టి పులిసిపోతాయి. అప్పుడు గోధుమలకు, పెసలకు ఆరు గంటలు చాలు, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చాలి.

ఇంకో కారణాన్ని ఎవరూ అనుమానించరు: ట్యాంకు నీళ్లు. మధ్యాహ్నం మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. వాటితో కడిగితే లేత మొలక వాడిపోయి కుళ్లడం మొదలవుతుంది. పొద్దున్నే బిందెడు నీళ్లు పట్టి నీడలో పెట్టుకుని, రోజంతా వాటినే వాడండి. ఆర్వో నీళ్లు అక్కర్లేదు, నల్లా నీళ్లైనా బోరు నీళ్లైనా శుభ్రంగా ఉంటే సరిపోతుంది.

గింజలను గిన్నెలో కుప్పగా పోసి మూత పెట్టకండి. కుప్ప మధ్యలో వేలు గుచ్చి చూడండి, పైన కంటే లోపల వెచ్చగా తగులుతుంది. మొలకెత్తే గింజ తనంతట తానే వేడి పుట్టిస్తుంది. అంగుళం మందానికి మించకుండా చిల్లుల గిన్నెలో పరిచి, గిన్నెను కాస్త వంచి పెడితే అడుగున నీళ్లు నిలవవు. చలికాలంలో రోజుకు రెండుసార్లు, ఎండాకాలంలో మూడు నాలుగుసార్లు కడగాలి.

వాసన ఒకసారి వచ్చాక ఎంత కడిగినా లాభం లేదు, పారేయాల్సిందే. "కోళ్లకేలే, ఏదైనా తింటాయి" అనే మాట మాత్రం వద్దు. మళ్లీ మళ్లీ అదే వాసన వస్తుంటే తప్పు గుడ్డది. మూటకట్టే పాత లుంగీ గుడ్డను ఉత్త నీళ్లలో జాడిస్తే సరిపోదు, మరిగించి ఎండలో ఆరేయాలి.

తెల్లటి నూగు కనిపిస్తోంది. బూజా?

కంగారుపడి పారేసే ముందు వెలుతుర్లో పట్టుకుని చూడండి. నూగు వేరు చుట్టూ మాత్రమే, చిన్న బ్రష్‌లా సమానంగా ఉండి, నీళ్లు చల్లగానే అణిగిపోతే అవి వేరు వెంట్రుకలు. గోధుమలకు, సజ్జలకు, రాగులకు ఇవి బాగా వస్తాయి, ఏ హానీ లేదు. ఒక గింజ నుంచి పక్క గింజకు పోగులు అల్లుకుని, బూడిద రంగో పచ్చగానో నల్లగానో మారుతూ, ముక్కిపోయిన వాసన వస్తుంటే అది బూజు. పైపైన తీసేసి మిగతాది పెట్టకండి, బూజు విషాలు కోడి కాలేయాన్ని దెబ్బతీస్తాయి. బూజు చాలాసార్లు మొలకెత్తని చచ్చు గింజ మీదే మొదలవుతుంది. అందుకే నానేసేటప్పుడు పైకి తేలిన వాటిని, విరిగిన వాటిని ముందే తీసేయాలి. వానాకాలంలో గాలి ఆడే చోటు చూసుకోండి, ఫ్యాన్ కింద అయినా సరే.

అసలు మొలకే రావడం లేదు

షాపులో కొర్రలు, సామలు అని అమ్మేవి చాలావరకు పొట్టు తీసినవి, అవి మొలకెత్తవు. పొట్టుతో ఉన్నవి అడగాలి. రాగులకు ఈ బాధ లేదు. పావురాల కోసం అమ్మే కలగలుపు గింజల్లో పాతవి ఎక్కువగా తగులుతాయి. ఏ బస్తా కొన్నా ముందు ఇరవై గింజలు తడిగుడ్డలో చుట్టి చూడండి. రెండు మూడు రోజుల్లో సగం కూడా మొలవకపోతే ఆ గింజలు పొడిగా వేయడానికే. పురుగు పట్టకుండా బోరిక్ పౌడర్ కలిపిన పప్పుగింజలైతే వద్దే వద్దు.

మొలక బాగా వస్తుందని విత్తనాల షాపు నుంచి తేవడం అన్నిటికంటే ప్రమాదం. గులాబీ, ఎరుపు, పచ్చ రంగు పూసిన విత్తనానికి శిలీంద్ర నాశిని మందు పట్టించి ఉంటుంది. అలాంటి వాటిలో వాడే థైరమ్ అనే మందు వల్ల కోళ్లు గట్టి పెంకు లేని తోలు గుడ్లు పెడతాయి, కోడిపిల్లలకు కాళ్లు వంకరపోతాయి. కడిగితే పోతుందనుకోవద్దు.

జొన్నలను పొడిగానే వేయండి. లేత జొన్న పైరు మేసి పశువులు చచ్చిపోవడం పల్లెల్లో అందరికీ తెలిసిందే. గింజ మొలకెత్తగానే సయనైడ్ విడుదల చేసే పదార్థం తయారవుతుంది, ఎండుగింజలో ఆ భయం ఉండదు. రాజ్మా, సోయా మొలకలు కూడా పచ్చివి పెట్టకూడదు.

కోళ్లు ముట్టడం లేదు

కొత్తది కదా, అనుమానం. పొద్దున ఆకలి మీద ఉన్నప్పుడు, రోజూ తినే దాణా మీద కొద్దిగా చల్లండి. ఒక కోడి ముక్కు పెడితే మిగతావి లాక్కోవడానికి పరిగెత్తుకొస్తాయి.

రెట్ట పల్చగా ఉంది, లేదా మెడ కింద సంచి గట్టిగా ఉంది

పల్చటి రెట్ట చాలాసార్లు మొలకలు ఎక్కువ పెట్టడం వల్లే. రెండు రోజులు ఆపి, సగంతో మళ్లీ మొదలుపెట్టండి. ఆపాక కూడా తగ్గకపోయినా, రక్తం కనిపించినా పశువైద్యుడికి చూపించాలి.

సంచి సంగతి వేరు. తెల్లవారుజామున మేత వేయకముందు మెడ కింద తడిమి చూడండి, ఖాళీగా మెత్తగా ఉండాలి. అప్పటికీ ముద్దలా గట్టిగా తగిలితే మేత కిందికి దిగలేదన్నమాట. వారం పెంచిన గోధుమ గడ్డిని వేర్ల చాపతో సహా వేస్తే ఇలా అవుతుంది. గడ్డి పెడితే అంగుళం ముక్కలుగా కోసి వేయండి. మొలక మాత్రం గింజంత పొడుగు తోక వస్తే చాలు, ఇంకా పెంచితే పిండిపదార్థం కరిగిపోతుంది. సిమెంటు మేడ మీద కోళ్లకు మట్టి దొరకదు కాబట్టి దొడ్డు ఇసుక, చిన్న రాళ్లు ఓ గిన్నెలో పెట్టాలి. కందనకాయలో గింజ నలగాలంటే రాళ్లు ఉండాల్సిందే.

గుడ్లు తగ్గాయి, మేత ఖర్చు మాత్రం తగ్గలేదు

వంద గ్రాముల గోధుమలు మొలకెత్తాక రెండు వందల గ్రాముల దాకా తూగితే మేత రెట్టింపైందని సంబరం. పెరిగినదంతా నీళ్లే, అసలు పదార్థం కాస్త తగ్గుతుంది కూడా. మొలకల వల్ల వచ్చేది కొన్ని విటమిన్లు, సులువుగా అరగడం, కోళ్లకు కాలక్షేపం. దాణాకు బదులు కాదు.

పెద్ద కోడి రోజుకు 100 నుంచి 120 గ్రాముల మేత తింటుంది. గుడ్లు పెట్టే కోళ్ల దాణాలో మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం, కాల్షియం మూడున్నర శాతం దాకా ఉంటాయి. గోధుమ మొలకల్లో కాల్షియం నామమాత్రం. కడుపు వాటితోనే నిండితే గుడ్డు తగ్గుతుంది, పెంకు పల్చబడుతుంది. కోడికి గుప్పెడు లోపు, 20 నుంచి 25 గ్రాములు సరిపోతుంది. కాల్షియం కోసం గుల్లల పొడి విడిగా పెట్టండి. అయితే మే ఎండలకు కోళ్లు నోరు తెరుచుకుని రొప్పుతున్నా, ఈకలు రాలుస్తున్నా గుడ్లు ఎలాగూ తగ్గుతాయి, అప్పుడు మొలకలను తప్పు పట్టి లాభం లేదు. చిన్న కోడిపిల్లలకు వాటి కోసం అమ్మే స్టార్టర్ దాణా చాలు, మొలకల జోలికి వెళ్లొద్దు.

చీమలు, ఎలుకలు

గిన్నెను నీళ్ల పళ్లెంలో పెడితే చీమలు రావు. కోళ్లు వదిలేసిన మొలకలను అరగంట తర్వాత ఎత్తేయండి, సాయంత్రం దాకా ఉంచితే ఎలుకలకు పిలిచి పెట్టినట్టే.