వేడి ప్రాంతపు ద్రాక్ష సంకరణంలో పులుపును ఎంచుకునే విధానం

వైన్ ద్రాక్షలో కొత్త రకం సృష్టించాలనుకునేవారు పులుపును ఒకే గుణంగా చూడకూడదు. పండులోని ఆమ్లంలో అధిక భాగం టార్టారిక్, మాలిక్ ఆమ్లాలదే, ఆ రెండింటి నడక మాత్రం వేరు. టార్టారిక్ ఆమ్లం విటమిన్ సి నుంచి, కాయ పచ్చిగా ఉన్నప్పుడే తయారవుతుంది. ఆ తర్వాత పెద్దగా ఖర్చు కాదు. మాలిక్ ఆమ్లాన్ని మాత్రం కాయ మెత్తబడ్డ దగ్గర్నుంచి శ్వాసక్రియకు వాడుకుంటుంది, ఎండ ముదిరేకొద్దీ ఆ వాడకం పెరుగుతుంది. హైదరాబాద్‌లో అక్టోబరు కత్తిరింపు పంట వేసవి వైపు జరుగుతూ పండుతుంది కనుక, ఇక్కడ చివరిదాకా నిలిచే పులుపు టార్టారిక్‌దేనని నా అంచనా.

పులుపును అనేక జన్యువులు కలిసి నిర్ణయిస్తాయి. అందువల్ల పిల్ల మొక్కలు పుల్లనివి, తియ్యనివి అని రెండు గుంపులుగా విడిపోకుండా ఒక వరుసగా పరచుకుంటాయి. పది మొక్కలతో ఏదీ తేలదు. అమెరికా అడవి జాతి రిపేరియాను ఒక వైపు పెడితే చలిని తట్టుకునే గుణంతో పాటు విపరీతమైన పులుపు కూడా వస్తుంది. మన వేడికి ఆ చలి గుణంతో పనిలేదు కాబట్టి, మంచి పులుపున్న వినిఫెరా (మామూలు వైన్ ద్రాక్ష జాతి) రకాన్ని, ఈ నేలకు అలవాటుపడిన అనాబ్-ఎ-షాహీ వంటి దానితో కలపడమే నయం. రెండింటికీ 38 క్రోమోజోములే కావడంతో జత కుదురుతుంది.

పూత విచ్చుకోకముందే తల్లి గుత్తిలోని ప్రతి మొగ్గ మీది ఆకుపచ్చ టోపీని సన్నని చిమటాతో తీసి, దానితోపాటే ఐదు కేసరాలనూ తొలగించి, కాగితపు సంచి తొడగాలి. ఒకటి రెండు రోజుల తర్వాత కీలాగ్రం (పువ్వులో పుప్పొడిని అందుకునే కొన) తడిగా మెరిసినప్పుడు తండ్రి పుప్పొడి అద్దాలి. చిన్న మొగ్గలతో ఓపిక కావాలి, మెడ నొప్పి ఖాయం. పండిన కాయల విత్తనాలను తడి ఇసుకలో కలిపి, ఫ్రిజ్‌లో సుమారు మూడు నెలలు ఉంచి నాటాలి.

మొక్కలు కాపుకొచ్చాక కొలత మీద శ్రద్ధ పెట్టాలి. ఒకసారి నేను మధ్యాహ్నం ఎండ తగిలే వైపు గుత్తుల నుంచి మాత్రమే కాయలు కోసి, ఒక మంచి మొక్కను చప్పనిదని పక్కన పడేశాను. ఇప్పుడు తీగ అన్ని వైపుల నుంచీ, గుత్తి పైన, మధ్య, కింద నుంచీ వంద కాయలు తీసుకుంటున్నాను. పది మిల్లీలీటర్ల రసాన్ని 0.1 నార్మల్ గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్ అనే క్షారంతో పీహెచ్ 8.2 దాకా తటస్థీకరించి, ఖర్చైన మిల్లీలీటర్లను 0.75తో గుణిస్తే టార్టారిక్ లెక్కన లీటరుకు ఎన్ని గ్రాములో వస్తుంది, 9.6 మిల్లీలీటర్లు పడితే 7.2 గ్రాములు. ఎర్ర రసంలో సూచిక ద్రావణం రంగు మార్పు కనపడదు కాబట్టి పీహెచ్ మీటరే వాడాలి. అయితే ఈ అంకె రెండు ఆమ్లాలనూ కలిపి చెబుతుంది. వాటిని వేరు చేయడానికి, ఆమ్లాలను కాగితం మీద విడివిడి మచ్చలుగా చూపే కాగితపు క్రోమటోగ్రఫీ స్థూలంగా సరిపోతుంది.

కాయ మెత్తబడిన నాటి నుంచి వారానికోసారి చక్కెర, పులుపు, పీహెచ్ మూడూ రాసుకోవాలి. మొత్తం పులుపు బాగానే ఉన్నా పీహెచ్ ఎక్కువగా ఉంటే, దాన్ని పెంచే పొటాషియం కాయలో అధికంగా చేరిందేమో చూడాలి. రెండు మూడు పంటల్లోనూ ఒకే చక్కెర స్థాయి దగ్గర తోటివాటికంటే పులుపు నిలిపిన మొక్కనే కొమ్మ ముక్కలతో పెంచి, మరుసటి పరీక్షకు తీసుకోవాలి.