సృష్టిలో దేవుణ్ణి చూడటం, చూసింది చెప్పడం – 4వ పాఠం: గిజిగాడి గూడు, లుస్త్రలో వాన

కిందటి పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఏదో ఒక్కదాన్ని ఎంచుకుని, ఫోను జేబులో పడేసి, అరగంట సేపు ఊరికే చూడమన్నాను, కనిపించింది రాయమన్నాను. "దేవుని సృష్టి ఎంత అద్భుతమో!" అని రాసి పుస్తకం మూసేసినవాళ్ళు దయచేసి మళ్ళీ వెళ్ళండి. ఆ మాట చూడకముందే మన నోట్లో ఉంది. ఈ పాఠం చూసినదాన్ని ఎదుటి మనిషికి ఎలా చెప్పాలన్నదాని గురించి కాబట్టి, చూసింది అంటూ ఏమీ లేకపోతే ఇక్కడ చేసే పనేమీ ఉండదు.

దేన్ని చూడాలో తేలనివాళ్ళకు నేను గిజిగాణ్ణి చూడమంటాను. వానాకాలంలో చెరువు గట్టు మీది ఈతచెట్టుకో, బావి మీదికి వంగిన తుమ్మకొమ్మకో గూళ్ళు వేలాడుతుంటాయి. అల్లేది మగపిట్ట. పొడవాటి గడ్డి ఆకు అంచున ముక్కుతో కొరికి, అది పట్టుకుని ఎగిరితే సన్నటి పీలిక చీలి వస్తుంది, దాన్ని తెచ్చి కొమ్మకు చుట్టి, లోపలికి దూర్చి, బయటికి లాగి, మళ్ళీ ఇంకో పీలిక కోసం వెళ్తుంది, ఇలా వందలసార్లు. గూడు సగం అయ్యాక పని ఆపేసి, గూటికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టల్ని పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి అటూ ఇటూ పరీక్షించి, నచ్చితేనే ఉంటుంది. నచ్చకపోతే అన్ని రోజుల కష్టమూ అక్కడే వదిలేసి ఇంకో గూడు మొదలుపెట్టుకోవాల్సిందే! చెట్టు మీద సగంలో ఆగిపోయిన గూళ్ళు కనిపిస్తే అందుకే. నచ్చిన గూటికి మాత్రం కిందికి పొడవాటి గొట్టంలా దారి అల్లుతుంది. గూళ్ళు తరచుగా చెట్టుకు తూర్పు వైపునే ఉంటాయి, నైరుతి గాలివాన నేరుగా కొట్టకుండా. మీ చెట్టు దగ్గర దిక్కు చూసి రాసుకోండి, అలా లేకపోతే లేదనే రాసుకోండి.

గూటి లోపలి గోడకు మట్టి ముద్దలు అంటించి ఉంటాయి. ఇక్కడే జాగ్రత్త కావాలి. ఆ మట్టికి మిణుగురు పురుగుల్ని అతికించి రాత్రిపూట దీపం పెట్టుకుంటుందని వినే ఉంటారు. వినడానికి బాగుంటుంది గానీ అది కథే. దీన్ని మించింది మన ప్రసంగాల్లోనూ వాట్సాప్‌లోనూ తిరిగే గద్ద కథ. నలభై ఏళ్ళు రాగానే గద్ద కొండెక్కి, ముక్కు బండకేసి కొట్టుకుని ఊడగొట్టుకుంటుందట, కొత్త ముక్కు మొలిచాక గోళ్ళూ ఈకలూ పీకేసుకుంటుందట, ఆ తర్వాత ఇంకో ముప్పై ఏళ్ళు బతుకుతుందట. ముక్కు లేని గద్ద అన్నాళ్ళు ఏం తింటుందండీ? యెషయా 40వ అధ్యాయంలోని "పక్షిరాజులవలె రెక్కలు చాపి పైకి ఎగురుదురు" అన్న మాటకు ఈ కథ తోడు అక్కర్లేదు. కోళ్ళు పెంచుకుంటూ రోజూ గద్దల్ని అదిలించే మనిషి దగ్గర ఇది చెప్పి చూడండి. పైకి నవ్వి ఊరుకుంటాడు, కానీ ఆ తర్వాత మీరు యేసు తిరిగి లేచాడని చెప్పినా దాన్నీ ఇదే గాటన కడతాడు.

సరే, బైబిల్ తెరవండి. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయం, 8 నుంచి 18 వరకు. లుస్త్ర ఇప్పటి టర్కీలో ఉంది. అపొస్తలుడైన పౌలు, అతని తోటి పనివాడు బర్నబా అక్కడికి వెళ్ళారు. పుట్టినప్పటి నుంచి నడవనివాడు పౌలు మాటతో లేచి నడిచేసరికి జనం దేవతలే మనుషుల రూపంలో దిగివచ్చారని వాళ్ళ లుకయొనియ భాషలో కేకలు పెట్టారు, బర్నబాకు ద్యుపతి అని, పౌలుకు హెర్మే అని తమ దేవతల పేర్లు పెట్టారు, పూజారి ఎడ్లనూ పూదండలనూ తెచ్చేశాడు. అప్పుడు పౌలు ఎలా మాట్లాడాడో చూడండి. ముందు అధ్యాయంలో, పిసిదియ అంతియొకయ సమాజమందిరంలో, ఇదే పౌలు ఐగుప్తు నుంచి దావీదు దాకా చరిత్ర చెప్పి కీర్తనలు ఎత్తి చూపించాడు. లుస్త్రలో మాత్రం "ఫలానా చోట రాసి ఉంది" అని ఒక్కసారీ అనలేదు. మేమూ మీలాంటి మనుషులమే అన్నాడు ముందుగా. తర్వాత జీవముగల దేవుని గురించి చెబుతూ, వాన గురించి, పంటకాలాల గురించి, తిండి గురించి, దానివల్ల మనసుకు కలిగే సంతోషం గురించి మాట్లాడాడు. వినేవాళ్ళ పొలంలో, కంచంలో ఉన్నవే అన్నీ.

అయితే దీన్నొక ఫార్ములాగా పట్టుకుని బయల్దేరకండి. అంత చెప్పినా బలి ఆపించడమే కష్టమైంది, 19వ వచనంలో పౌలును రాళ్ళతో కొట్టి, చచ్చిపోయాడనుకుని ఊరి బయటికి ఈడ్చేశారు. పైగా సిలువ సంగతి ఏ గూడూ, ఏ వానా చెప్పదు. అది మీరు నోరు తెరిచి చెప్పాల్సిందే, కాకపోతే అడిగినప్పుడు.

అడిగేదాకా ఎలా? పక్క చేను బాబాయ్ గట్టు మీద కూర్చుని ఉన్నాడనుకోండి. "బాబాయ్, ఈ గూళ్ళన్నీ ఇటేపే ఉన్నాయేంటి?" అనండి, అని ఊరుకోండి. ఊరుకోవడమే మనవాళ్ళకు చేతకానిది. ఆయన గాలి గురించి చెబుతాడు, గింజ పాలు పోసుకునేటప్పుడు ఈ పిట్టలు చేసే నష్టం గురించి నాలుగు తిట్లు కూడా తిడతాడు. విని రాసుకోండి. కాసేపటికి ఆయనే "నువ్వేంట్రా, పిట్టల మీద పడ్డావు?" అంటాడు. అప్పుడు చెప్పండి: "దీనికి ఇంత పని నేర్పినవాడు నన్ను వదిలేస్తాడా అనిపిస్తుంది బాబాయ్. అమ్మ ఆపరేషన్ అప్పుడు టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే, యేసయ్య పిట్టల గురించి చెప్పిన మాటే పట్టుకుని ఉన్నాను." ఈ రెండు వాక్యాలు మీ జీవితంలో నిజంగా జరిగినవై ఉండాలి, నావి కాపీ కొట్టకండి. "ఏం మాటరా అది?" అంటే మత్తయి 6:26, పిట్టలు విత్తవు, కోయవు, అయినా పరలోకపు తండ్రి వాటిని పోషిస్తున్నాడన్న మాట. అనకపోతే మళ్ళీ పొలం కబుర్లే. ఆయన వాన కోసం తన దేవుడికి దండం పెట్టుకుంటే వెక్కిరింపు వద్దు, వాదన వద్దు.

ఒక ప్రశ్న మాత్రం ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. "వాన పడని ఏడు మీ దేవుడు ఎటు పోయాడ్రా?" దీనికి చమత్కారంగా జవాబు చెప్పబోయేవాళ్ళంటే నాకు చిరాకు. సృష్టి అంతా మూలుగుతోందని రోమా 8:22లోనే ఉంది కదా, సృష్టి అంటే అందం ఒక్కటే అన్నట్టు మాట్లాడటం దేనికి? వాన ఎందుకు పడలేదో నాకు తెలీదు బాబాయ్ అనండి. ఒంగోలు సంగతి గుర్తుంచుకోండి. 1876–78 ధాత కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి పని ఇప్పించాడు. అదే సమయంలో, తిండి కోసం కలిశారన్న మాట రాకూడదని, బాప్తిస్మాలు ఆపేశాడు. 1878లో మళ్ళీ మొదలుపెట్టాక, జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నాకు ఆ అంకె కంటే ఆపేసిన ఆ నెలలే పెద్దవి. కష్టంలో ఉన్నవాడికి సాయం చేస్తూ ఆ చేత్తోనే కరపత్రం పెట్టకండి.

ఈ వారం పని. అదే చెట్టు దగ్గరికి వేరే వేళలో వెళ్ళండి, పొద్దున చూసుంటే సాయంత్రం. తెలిసినవాళ్ళని ఒక ప్రశ్న అడిగి, వాళ్ళ జవాబు వాళ్ళ మాటల్లోనే రాయండి. మీ రెండు వాక్యాలు కాగితం మీద పెట్టి, చర్చికి రాని స్నేహితుడికి చదివి వినిపించి, "రక్షింపబడితిని", "అభిషేకం" లాంటి మాట దగ్గర అతని మొహం ఎక్కడ ఖాళీ అయిందో అక్కడ కొట్టేసి మామూలు మాటల్లో తిరగరాయండి. వచ్చే పాఠం ఏథెన్సులో, చదువుకున్నవాళ్ళ మధ్య. 17వ అధ్యాయం 16 నుంచి చివరిదాకా చదివి ఉంచండి.