రిపోర్టులో మనిషి పేరున్న జబ్బు కనిపిస్తే

ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. డిశ్చార్జి సమ్మరీలు, పాత ఫైళ్లు, ఇన్సూరెన్స్ కాగితాలు, జిరాక్సులు, రోజంతా ఇదే పని. నేను డాక్టర్ని కాను. కానీ పార్కిన్సన్, హషిమోటో, క్రోన్, కుషింగ్ అని రాసిన కాగితం చేతికొచ్చాక ఇంటివాళ్లు ఎక్కడ తడబడతారో కౌంటర్ ఇవతల కూర్చుని రోజూ చూస్తాను.

ముందు ఒక్క మాట. అవి జబ్బును మొదట వివరంగా రాసిపెట్టిన డాక్టర్ల పేర్లు. ఒంట్లో ఏ భాగం చెడిందో, ఎంత ప్రమాదమో ఆ పేరులో ఉండదు. కాబట్టి పేరు వినగానే అర్థం వెతుక్కోవద్దు. ఒకమ్మ పాపను చంకనెత్తుకుని వచ్చి, "డౌన్ అంటే కింద అనే కదమ్మా? నా బిడ్డ తక్కువది అని రాసిండ్రా?" అని అడిగింది. ఆ మాట నేనెప్పటికీ మర్చిపోను. కాగితంలో ఉన్నది డౌన్ సిండ్రోమ్. డౌన్ అనేది ఇంగ్లండ్ డాక్టరు ఇంటిపేరు. జాన్ లాంగ్డన్ డౌన్ 1866లో ఆ పిల్లల గురించి రాశాడు. అసలు కారణం 21వ క్రోమోజోమ్ ఒకటి ఎక్కువ ఉండటమని 1959లో తేలింది. పేరుకు, ఆ పాప విలువకు ఏ సంబంధమూ లేదు.

పేరు మొత్తం ఉన్నదున్నట్టు తీసుకోండి. ఫోన్‌లో ఆ లైను ఫొటో తీయండి. సగం పేరు వింటే ఏమవుతుందో చెప్తాను. నల్గొండ వైపు నుంచి ఒక పెద్దాయన తన కొడుకు ఈసీజీ కాపీ కోసం వచ్చాడు. చేతులు వణుకుతున్నాయి. "అమ్మా, మా పిలగానికి వణుకుడు రోగం వచ్చిందంటున్నరు. ఇరవై ఏండ్లు గూడ లేవు" అన్నాడు. ఊళ్లో ఎవరో కాగితం చదివి పార్కిన్సన్ అని చెప్పారట. ఫైలు తీసి చూస్తే వోల్ఫ్-పార్కిన్సన్-వైట్ సిండ్రోమ్ అని ఉంది. ఇది గుండెకు సంబంధించింది. 1930లో ముగ్గురు డాక్టర్లు కలిసి రాశారు, అందులో ఉన్నది జాన్ పార్కిన్సన్. వణుకు జబ్బు గురించి 1817లో లండన్‌లో రాసింది జేమ్స్ పార్కిన్సన్. మనుషులే వేరు. ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, డ్యూటీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. గుండెలో కరెంటు వెళ్లడానికి పుట్టుకతోనే అదనపు దారి ఒకటి ఉంటుందని, దానివల్ల గుండె ఒక్కసారిగా వేగంగా కొట్టుకోవచ్చని, అవసరమైతే తొడ దగ్గర రక్తనాళం గుండా సన్నని తీగ పంపి ఆ దారిని కాల్చేస్తారని డాక్టరు గారు నిదానంగా చెప్పారు. పెద్దాయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

పేరు చివర ఉన్న మాట కూడా వదలొద్దు. కుషింగ్ డిసీజ్ అంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిలో చిన్న గడ్డ వల్ల వచ్చేది. కుషింగ్ సిండ్రోమ్ అంటే ఏ కారణంతోనైనా ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ ప్రభావం ఎక్కువైన పరిస్థితి. మోకాళ్ల నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగిన స్టెరాయిడ్ మాత్రలతో కూడా ఇది వస్తుంది. అందుకే వాడిన మాత్రల స్ట్రిప్పులన్నీ కవరులో వేసి డాక్టరుకు చూపించండి. భయపడి వాటిని ఒక్కసారిగా మానేయొద్దు, అది ఇంకా ప్రమాదం. హాడ్జ్‌కిన్, నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాలు (లింఫ్ గ్రంథుల క్యాన్సర్లు) కూడా వేర్వేరు, వైద్యం వేరు.

స్పెల్లింగు దగ్గర చాలా జాగ్రత్త పడండి. నరాలు దెబ్బతిని కాళ్లూచేతులూ బలహీనపడే జబ్బు ఒకటుంది, గియాన్-బారే సిండ్రోమ్ అని ఫ్రెంచి పేరు. మనవాళ్లు గిలియన్ అంటారు, గులియన్ అంటారు, కాగితం మీద నాలుగు రకాలుగా చూశాను. మా దగ్గరే ఒకసారి అక్షరం తేడాతో పాత అడ్మిషన్ కంప్యూటర్లో దొరక్క ఆ కుటుంబం రెండు గంటలు నిలబడింది. జీబీఎస్ అనే పొట్టి పేరు కూడా రాసి ఉంచుకోండి.

ఇక డాక్టరు ముందు కూర్చున్నప్పుడు మూడు మాటలు అడగండి. ఇది ఒంట్లో ఏ భాగానికి వచ్చింది? అక్కడ ఏం జరుగుతోంది? దీనికి ఇంకో పేరుందా? మూడో ప్రశ్న చాలామంది అడగరు. రక్తనాళాలు వాచే ఒక జబ్బుకున్న వెగెనర్ అనే పేరును 2011లో మార్చి జీపీఏ (గ్రాన్యులోమాటోసిస్ విత్ పాలీయాంజైటిస్) అంటున్నారు, ఆ డాక్టరుకు నాజీలతో ఉన్న సంబంధాలు బయటపడ్డాక. పాత ఫైల్లో ఒకటి, కొత్త ఫైల్లో ఇంకొకటి చూసి రెండు జబ్బులనుకున్నవాళ్లు ఉన్నారు. హాన్సెన్స్ డిసీజ్ అంటే కుష్ఠు. దాని క్రిమిని 1873లో నార్వేలో హాన్సెన్ కనిపెట్టాడు. ఇక్కడ మాత్రం మనిషి పేరే మేలని నా అభిప్రాయం, పాత మాటకున్న వెలి ఈ పేరుకు లేదు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, నయమవుతుంది.

బేగంపేట మీదుగా వెళ్లేటప్పుడు రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం గుర్తొస్తుంది. 1897 ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. మలేరియాకు ఆయన పేరు పెట్టలేదు. కాలాజ్వరం క్రిమికి మాత్రం 1903లో ఆయనే లీష్మన్, డోనవన్ అనే ఇద్దరి పేర్లు కలిపి లీష్మానియా డోనవానీ అని పెట్టాడు.

తెలుగు పేరు తెలిస్తే చాలనుకోవద్దు. మా మామయ్యగారికి చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పది నిమిషాలు పట్టేది. సంతకం చిన్నదై చిన్నదై, బ్యాంకులో చెక్కు వెనక్కొచ్చింది. పార్కిన్సన్స్ అని డాక్టరు అంటే, "వణుకు జబ్బంటున్నారు, నాకు వణుకేదీ?" అని మందు వేసుకోలేదు. మేమూ నమ్మలేదు, ఎనిమిది నెలలు పోయాయి. వణుకు లేకుండా కూడా అది వస్తుంది. బిగుసుకుపోవడం, నెమ్మదించడమే ముందు కనిపించవచ్చు.

ఇప్పుడాయన చొక్కా జేబులో ఒక అట్టముక్క ఉంటుంది. జబ్బు పేరు ఇంగ్లిషులో, తెలుగులో. దాని కింద "మెదడులో డోపమిన్ తగ్గింది". మాత్రల వేళలు 7, 11, 3, 7. చివర ఎర్ర ఇంకుతో, వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇవ్వొద్దని, అది ఈ జబ్బును పెంచుతుంది కాబట్టి. మీ ఇంట్లో ఇలాంటి పేరున్న జబ్బు ఎవరికైనా ఉంటే, మీ డాక్టరును అడిగి అలాంటి అట్టముక్కే రాసి జేబులో పెట్టండి. ఇంకోటి ఫైలు మొదటి పేజీకి పిన్ను కొట్టండి.