దీర్ఘకాలిక కటి నొప్పి: ముందు వదులు, తర్వాతే బలం

పొత్తికడుపు కింద నొప్పి 6 నెలలు దాటినా తగ్గని చాలామంది స్త్రీలలో కటి అడుగు కండరాలు (మూత్రాశయాన్ని, గర్భాశయాన్ని కింద నుంచి మోసే కండరాలు) బిగుసుకుపోయి ఉంటాయి. వాళ్లు ఆ కండరాలను పదేపదే బిగించి వదిలే కీగల్ వ్యాయామాలతో మొదలుపెడితే నొప్పి పెరగొచ్చు. చాలామంది ముందుగా ఇచ్చే సలహా మాత్రం అదే!

మొదట శ్వాస. వెల్లకిలా పడుకుని, మోకాళ్ల కింద దిండు పెట్టి, పొట్టమీద చెయ్యి ఉంచండి. ముక్కుతో 4 సెకన్లు గాలి పీల్చండి. పొట్ట పైకి లేస్తుంటే మలద్వారం చుట్టూ కండరాలు వదులవ్వాలి. 6 సెకన్లు మెల్లగా గాలి వదలండి. రోజుకు రెండుసార్లు, 5 నుంచి 10 నిమిషాలు. కిందికి ముక్కకండి, ముక్కితే కండరం మళ్లీ బిగుస్తుంది. ఎప్పుడూ పొట్ట లోపలికి బిగపట్టే అలవాటున్నవారికి మొదట్లో ఇది ఎంతకీ కుదరదు.

తర్వాత మోకాళ్లను ఛాతీవైపు తెచ్చి, ఎడంగా ఉంచి 30 సెకన్లు, మూడుసార్లు. సాగినట్టుండాలి, నొప్పి రాకూడదు.

యోనిమార్గం నుంచి బిగుసుకున్న కండరాలను వదులుచేసే చికిత్సను శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టే, మీ అనుమతితో, గ్లవ్స్ వేసుకుని చేయాలి. ఏ క్షణమైనా ఆపమనొచ్చు.

మలబద్ధకం ఉంటే వచ్చిన గుణం నిలవదు. టాయిలెట్‌పై కూర్చున్నప్పుడు పాదాల కింద చిన్న పీట పెట్టుకోండి.

జ్వరం, అసాధారణ రక్తస్రావం, ఒక్కసారిగా తీవ్రమైన నొప్పి ఉంటే వ్యాయామాలు ఆపి ముందు గైనకాలజిస్టును కలవండి.