మందులు వాడినా దూడకు ఆయాసం తగ్గడం లేదా? గుండె కూడా చూపించండి

దూడ రొప్పుతోందంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది న్యుమోనియా. చాలాసార్లు జబ్బు అదే. కానీ ఇంజెక్షన్లు వేసిన కొన్నాళ్లు బాగుండి, మళ్లీ అదే ఆయాసం వచ్చి, రెండో కోర్సు తర్వాత కూడా అలాగే అయిందంటే మూడో కోర్సుకు వెళ్లకముందే గుండె పరీక్ష చేయించాలి. పుట్టుకతో గుండె లోపం ఉన్న దూడలు తక్కువే. ఉన్నవాటికి మాత్రం తరచూ ఊపిరితిత్తుల జబ్బు పేరుతోనే వైద్యం నడుస్తుంటుంది. డబ్బు పోతుంది, దూడా నలిగిపోతుంది.

ఆయాసం తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తోంది

పాలు తాగేటప్పుడు దగ్గర నిలబడి చూడండి. ఆకలి ఉంటుంది, బకెట్ దగ్గరికి ఆత్రంగానే వస్తుంది. నాలుగు గుక్కలు తాగి తల పైకెత్తుతుంది. మెడ ముందుకు చాపి, ముక్కుపుటాలు పెద్దవి చేసి ఊపిరి తీసుకుని మళ్లీ తలవంచుతుంది. జ్వరంతో ఉన్న దూడకు సాధారణంగా పాల మీద ఆసక్తే ఉండదు. దీనికి పాలు కావాలి, తాగేంత ఊపిరే లేదు. తోటి దూడలు గెంతుతుంటే ఇది కాస్త దూరం నడిచి ఆగిపోతుంది. వయసుకు తగ్గ ఒళ్లు రాదు, వెంట్రుకలు గరుకుగా నిలబడి ఉంటాయి.

ఎక్కువగా కారణం గుండె కింది గదుల మధ్య గోడలో రంధ్రం. పశువుల్లో పుట్టుకతో వచ్చే గుండె లోపాల్లో తరచూ కనిపించేది ఇదే. ఎడమ గదిలో ఒత్తిడి ఎక్కువ కాబట్టి, ఒంటికి వెళ్లాల్సిన రక్తంలో కొంత ఆ రంధ్రం గుండా కుడివైపుకు మళ్లి తిరిగి ఊపిరితిత్తులకే చేరుతుంది. రంధ్రం పెద్దదైతే అక్కడ రక్తం కిక్కిరిసి నీరు ఊరుతుంది, ఇన్ఫెక్షన్ సులువుగా పట్టుకుంటుంది. యాంటీబయాటిక్ ఇన్ఫెక్షన్‌ను తగ్గిస్తుంది కానీ రంధ్రాన్ని పూడ్చలేదు. అందుకే మందు పనిచేసినట్టే ఉండి జబ్బు తిరగబెడుతుంది. పుట్టిన కొత్తలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో కూడా ఒత్తిడి ఎక్కువగానే ఉంటుంది. అది తగ్గేకొద్దీ రక్తం అటు మళ్లడం పెరుగుతుంది. మొదట్లో హుషారుగా ఉన్న దూడ కొన్ని వారాలకు డీలా పడడం అందుకే.

డాక్టర్ వచ్చేలోపు మీరు మూడు పనులు చేయొచ్చు. మొదటిది జ్వరం చూడడం. ఆయాసం బాగా ఉండి, ఉష్ణోగ్రత 101.5 నుంచి 103 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్యే ఉంటే గుండె మీద అనుమానం పెరుగుతుంది. రెండోది, దూడ నీడలో ప్రశాంతంగా పడుకున్నప్పుడు డొక్క కదలికను బట్టి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టడం. ఎండ లేనప్పుడు కూడా ఆ లెక్క రోజూ 40 దాటుతుంటే రాసిపెట్టుకోండి. మూడోది, ముందుకాలి మోచేయి వెనక ఛాతీ మీద అరచేయి ఆనించడం. రెండు పక్కలా చూడండి, కుడిపక్కను మాత్రం వదలొద్దు. వైబ్రేషన్‌లో పెట్టిన ఫోన్‌ను పట్టుకున్నట్టు చేతికి సన్నని అదురు తెలిస్తే, అది రక్తం ఇరుకు దారిలోంచి దూసుకుపోతున్న గుర్తు. అదురు తెలియనంత మాత్రాన గుండె బాగుందని కాదు.

స్టెతస్కోప్‌తో కూడా రెండు పక్కలా వినమని డాక్టర్‌ను అడగండి. ఈ రంధ్రం తాలూకు శబ్దం సాధారణంగా కుడివైపే గట్టిగా ఉంటుంది. ఎడమవైపు మాత్రమే విని వదిలేస్తే దాని తీవ్రత తెలియకపోవచ్చు. ఇంకో సంగతి: శబ్దం ఎంత పెద్దదైతే జబ్బు అంత పెద్దదని టెన్షన్ పడొద్దు. చిన్న రంధ్రమే ఎక్కువ రొద చేస్తుంది. బాగా పెద్ద రంధ్రం దాదాపు చప్పుడు లేకుండా ఉండొచ్చు. లోపం ఏమిటో, ఎంత ఉందో తేల్చేది కలర్ డాప్లర్‌తో చేసే గుండె స్కానింగ్.

చిగుళ్లు, నాలుక నీలంగా ఉన్నాయి

కష్టమైన ఈత తర్వాత నీలంగా పుట్టిన దూడ ఊపిరి అందగానే గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆక్సిజన్ పెట్టినా రంగు పెద్దగా మారకపోతే, చెడు రక్తం ఊపిరితిత్తులకు వెళ్లకుండానే మంచి రక్తంలో కలుస్తోందేమో చూడాలి. గోడలో రంధ్రంతో పాటు ఊపిరితిత్తులకు వెళ్లే దారి ఇరుకైన ఫాలో టెట్రాలజీ అలాంటి లోపమే. ఈ దూడలు కాస్త పరిగెత్తించినా కుప్పకూలొచ్చు. తోలకండి, పట్టుకోవడానికి వెంటపడకండి. తీవ్రమైన న్యుమోనియాలోనూ నీలం రంగు రావచ్చు, అది అప్పటికప్పుడు చూడాల్సిన కేసు. ఏదైనా సరే ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి.

గుండెలో శబ్దం ఉందన్నారు, దూడ మాత్రం బాగుంది

కంగారు పడి అమ్మేయకండి. పుట్టిన మొదటి రోజుల్లో, గర్భంలో ఉన్నప్పటి రక్తనాళం పూర్తిగా మూసుకోకముందు శబ్దం వినిపించి తర్వాత పోవచ్చు. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, పిడుదులు, నట్టల వల్ల రక్తం తగ్గినా శబ్దం వస్తుంది. కనురెప్ప లోపల పాలిపోయి ఉంటే ముందు రక్తహీనత సంగతి చూడాలి. అది సరయ్యాక, కొన్ని వారాల తర్వాత మళ్లీ వినాలి. అప్పుడూ శబ్దం అలాగే ఉండి, దూడ చక్కగా తింటూ పెరుగుతుంటే చిన్న రంధ్రం కావచ్చు. అలాంటివి ఏళ్ల తరబడి బతకగలవు.

బొడ్డు వాచి, కీళ్లు నొప్పి చేసి, జ్వరం వచ్చి పోతూ శబ్దం కొత్తగా మొదలైతే అది వేరే కథ. బొడ్డు నుంచి ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి గుండె కవాటాలకు పట్టి ఉండొచ్చు. దానికి యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టాలి, ఎక్కువ కాలం వాడాలి.

గంగడోలులో నీరు, మెడ సిర ఉబ్బు

గుండె అలసిపోయిందని దీనర్థం. నీరు తీసే ఫ్రూసెమైడ్ ఇంజెక్షన్‌తో కొన్నాళ్లు ఊరట దొరుకుతుంది, మోతాదు డాక్టరే చెప్పాలి. ఈ స్థితిలో నీరసంగా ఉందని సెలైన్ బాటిల్ గబగబా ఎక్కించేస్తే ఊపిరితిత్తుల్లో నీరు నిండి దూడ అక్కడికక్కడే పోవచ్చు. గుండె అనుమానం ఉన్న దూడకు సెలైన్ పెట్టేవాళ్లెవరైనా, ఆ సంగతి ముందే చెప్పండి.

ఉంచాలా, వద్దా?

దూడలకు గుండె ఆపరేషన్ మామూలుగా జరిగే పని కాదు. కాబట్టి నిర్ణయం రంధ్రం సైజు, దూడ పెరుగుదల చూసి తీసుకోవాలి. పెరుగుతున్నదాన్ని గుంపులో తోపులాట లేకుండా, గాలి బాగా ఆడే చోట, పాలు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇస్తూ సాకవచ్చు. పడుకున్నా రొప్పుతూ, గంగడోలు వాచి, తిండి మానేసినదాన్ని మందుల మీద లాక్కురావడం దానికి చిత్రవధే. నొప్పి లేకుండా సాగనంపే దారి గురించి డాక్టర్‌తో మాట్లాడడమే మంచిదని నా అభిప్రాయం.

బాగా ఉన్నా సరే, లోపం తేలినదాన్ని సంతానానికి వాడకండి. కొన్ని జాతుల్లో ఇది వంశంలో వస్తుందన్న అనుమానం ఉంది. కొన్ని దూడల్లో చిన్న కళ్లు, తోక లేకపోవడం వంటివి కూడా ఈ రంధ్రంతో కలిసి వస్తాయి. అలాంటివి కనిపించినా గుండె వినాలి. ఒక్క దూడను చూసి తల్లిని తప్పుపట్టనక్కర్లేదు. అదే ఆంబోతుకు, లేదా అదే సెమెన్‌కు రెండో కేసు వస్తే మాత్రం దాన్ని ఆపేసి, సరఫరా చేసినవారికి తెలియజేయాలి. దూడ చనిపోతే పోస్టుమార్టం చేయించి, గుండె తెరిచి చూడమని ప్రత్యేకంగా అడగండి. తేలిన లోపాన్ని చెవి ట్యాగ్ నంబరు, తల్లి, తండ్రి వివరాల పక్కనే రిజిస్టర్‌లో రాయండి.