తెరచాప పడవలో స్పీకర్లు మార్చేటప్పుడు

తెరచాప పడవలో పాత స్పీకర్లు తీసి కొత్తవి బిగించడం కారులో చేసే పనిలాగే కనిపిస్తుంది గానీ, ఇక్కడ మొదట చూడవలసింది శబ్దాన్ని కాదు, దిక్సూచిని. స్పీకరు వెనుకనుండే బలమైన అయస్కాంతం చుక్కాని చక్రం దగ్గరి దిక్సూచినీ, ఏదో అరలో కంటికి కనబడకుండా ఉండే ఆటోపైలట్ (పడవను దానంతటదే నడిపే పరికరం) దిక్సూచినీ తప్పుదారి పట్టించగలదు. అందుచేత రంధ్రం కోయకముందే, పడవ రేవులో కట్టి ఉండగా, స్పీకరును బిగించబోయే చోట చేత్తో పట్టుకొని, దిక్సూచి కదులుతుందేమో మరొకరిని గమనించమనాలి. కదిలితే చోటు మార్చవలసిందే. దూరం రెట్టింపైతే అయస్కాంత ప్రభావం సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది కాబట్టి, కాస్త జరిపినా ఎంతో తేడా వస్తుంది.

చవకగా దొరుకుతాయని కారు స్పీకర్లు కొనడం దండగ. వాటిలో కదిలి శబ్దం పుట్టించే కాగితపు కోను తేమకు మెత్తబడుతుంది, ఇనుప చట్రాన్ని ఉప్పుగాలి తినేస్తుంది. పాలీప్రొపిలీన్ కోను, రబ్బరు అంచు, ఎండకు పెళుసెక్కని జాలీ ఉన్న, పడవల కోసమే చేసిన మెరైన్ రకాన్నే ఎంచుకోవాలి. పెట్టె మీద దుమ్ము, నీళ్ల నుంచి రక్షణను తెలిపే ఐపీ65 అనో ఐపీ67 అనో గుర్తు ఉన్నా, ఆ రక్షణ ముందు భాగానికేనా, వెనుక వైపుకు కూడానా అన్నది వివరాల పత్రంలో చూడాలి. వాట్ల విషయంలో అట్టహాసంగా అచ్చువేసే గరిష్ఠ సంఖ్యను వదిలేసి ఆర్‌ఎంఎస్ సంఖ్యను, అంటే స్పీకరు ఎడతెగకుండా తట్టుకోగల వాట్లను చూడాలి. స్పీకరు విద్యుత్ నిరోధాన్ని చెప్పే ఓమ్‌లు స్టీరియోకు సరిపోవాలి. ఆరున్నర అంగుళాలని చెప్పే స్పీకర్లన్నిటికీ రంధ్రం కొలత ఒకటే కాదు, కనుక పాత రంధ్రం వ్యాసాన్నీ, వెనుకనున్న లోతునూ కొలిచాకే కొనాలి.

బ్యాటరీ స్విచ్ ఆపి పని మొదలుపెట్టాలి. తీగల ప్లస్, మైనస్ గుర్తులు చెరిగిపోయి ఉంటే 1.5 వోల్టుల సెల్లును పాత స్పీకరు తీగలకు క్షణంపాటు తాకించాలి. కోను బయటికి కదిలితే సెల్లు ధన ధ్రువం తగిలిన తీగే ప్లస్. రాగి నల్లబడిన లేదా పచ్చబడిన తీగలను తీసేసి, తగరం పూత ఉన్న తీగ వేయడం మంచిది.

రంధ్రం పెద్దది చేయవలసి వస్తే మాస్కు పెట్టుకోవాలి, ఫైబర్‌గ్లాస్ ధూళి ఊపిరితిత్తులకు చేటు. కోసిన అంచులో ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఉండే తేలికపాటి బాల్సా చెక్క కనిపిస్తే దాన్ని ఎపాక్సీ (గట్టిపడే జిగురు)తో పూర్తిగా మూసేయాలి. లేకపోతే స్పీకరు చుట్టూ దిగే నీరు లోపలి చెక్కను నెమ్మదిగా కుళ్ళబెడుతుంది, ఆ మరమ్మతు ముందు స్పీకర్ల ఖర్చు ఏ మూలకూ రాదు. అంచు కింద నీరు దిగకుండా ఆపే మెత్తని బ్యుటైల్ టేపు వేసి, ఉప్పునీటిని బాగా తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ మరలను చేత్తోనే బిగించాలి. శాశ్వతంగా అతుక్కునే పాలీయురేథేన్ జిగురు వాడితే మరోసారి స్పీకరు ఊడదీసేటప్పుడు పడవ పైపూత అయిన జెల్‌కోటు కూడా ఊడి రావచ్చు.

చివరగా, స్టీరియోకు వెళ్ళే విద్యుత్ తీగల జంట దిక్సూచి పక్కనుంచి పోతుంటే రెంటినీ మెలివేసి, పాట పెద్దగా పెట్టి దిక్సూచిని మరోసారి పరీక్షించాలి.