వేట రైఫిల్‌కి తేలిక బ్యారెల్: చల్లగా ఉన్నప్పుడే పరీక్షించండి

సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి లావు బ్యారెల్ వేస్తే గురి బాగుంటుంది గానీ, గుట్టలెక్కేసరికి భుజం పడిపోతుంది. 16 ఇంచుల సన్న బ్యారెల్‌కీ అదే పొడవున్న లావుదానికీ దాదాపు అరకిలో తేడా ఉంటుంది. ఆ బరువంతా తుపాకీ ముందు భాగంలోనే పడుతుంది.

సన్నది నప్పుతుందో లేదో నేనిలా తేల్చుకున్నా. 100 మీటర్ల దగ్గర ఒక్క తూటా పేల్చి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీ చేసి, బోల్ట్ (ఆ గదిని వెనకనుంచి మూసే భాగం) తెరిచి పెట్టి, పావుగంట ఆగాలి. బ్యారెల్ చేతికి చల్లగా తగిలాకే రెండోది. అలా ఒకే కాగితం మీద ఐదు. అవన్నీ 4 సెంటీమీటర్లలోపు పడితే వేటకి ధారాళంగా సరిపోతుంది, ఎందుకంటే అడవిలో లెక్కకొచ్చేది ఆ మొదటి చల్లని తూటానే. గబగబా పది పేల్చి గ్రూపు (తూటాలు ఎంత దూరదూరంగా పడ్డాయో) కొలిచి, బ్యారెల్ పనికిరాదనుకుని నేను అనవసరంగా ఒకటి మార్చేశా కూడా!

కొనేముందు ట్విస్ట్ చూడండి, అంటే బ్యారెల్ లోపలి గాడులు ఎన్ని ఇంచులకి ఒక చుట్టు తిరుగుతాయో (1:9 అంటే 9 ఇంచులకి ఒక చుట్టు). .223 సైజులో 55 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత) తూటాకి 1:9 చాలు, 77 గ్రెయిన్లదైతే 1:8 గానీ 1:7 గానీ కావాలి. ఇది తప్పితే ఎంత ఖరీదైన బ్యారెలూ కుదురుగా కొట్టదు.

ఒక్క సంగతి. అడవిపందుల గుంపు మీద వరసగా పేల్చేవాళ్లకి ఈ పద్ధతి పనికిరాదు. సన్న బ్యారెల్ త్వరగా వేడెక్కుతుంది, తూటా పడే చోటు జరుగుతుంది. వాళ్లు బరువు మోయక తప్పదు.